వేడి తెలియని పాదం: స్పర్శ మిగిలి ఉండగా వేడి, నొప్పి మాత్రమే ఎలా పోతాయి?

గోదారిగట్టు

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారికి 66 ఏళ్లు. 7 ఏళ్లుగా షుగరు ఉంది. పది రోజుల క్రితం పొలం నుంచి వచ్చి కాళ్లు లాగుతున్నాయంటే అమ్మ టబ్బులో మరిగిన నీళ్లు పోసి, రాళ్ల ఉప్పు వేసి, చన్నీళ్లు తెచ్చి కలుపుదామని పెరట్లోకి వెళ్లింది. ఆమె తిరిగి వచ్చేసరికే నాన్నగారు రెండు పాదాలూ అందులో పెట్టుకుని పేపరు చదువుకుంటున్నారు. కాలడం లేదా అని అడిగితే, గోరువెచ్చగా హాయిగా ఉందన్నారు. నేను వేలు ముంచి చటుక్కున వెనక్కి లాక్కున్నాను. రాత్రికి ఎడమ పాదం మీద చింతగింజంతేసి బొబ్బలు మూడు లేచాయి. ఆసుపత్రిలో కట్టు కట్టించాము, పుండు మానుతోంది.

నన్ను కలవరపెడుతున్న సంగతి వేరే ఉంది. ఆయనను కళ్లు మూసుకోమని దూదితో ఒక్కొక్క వేలినే తాకితే ఏ వేలో తప్పు లేకుండా చెబుతున్నారు. చెప్పు జారితే తెలుస్తుంది, కాలి కింద ఇసుక తెలుస్తుంది. నరాల పనితీరు చూసే కరెంటు పరీక్ష చేయిస్తే రిపోర్టు నార్మల్ అని వచ్చింది. దూది తాకిడి తెలిసిన పాదానికి సలసల కాగిన నీళ్ల వేడి ఎలా తెలియకుండా పోయింది? రిపోర్టును నమ్మాలా, బొబ్బలను నమ్మాలా?

జీవశాస్త్రం_టీచరు

అన్ని అనుభూతులనూ ఒకే నరం మోస్తుందనుకుంటే ఇది వింతగానే కనిపిస్తుంది. నిజానికి చర్మంలో ఒక్కొక్క పనికి ఒక్కొక్క రకం నాడీ కొసలు ఉంటాయి. మెత్తని తాకిడిని, అదురును పట్టుకునే కొసలకు చిన్న చిన్న గుళికల వంటి తొడుగులు ఉంటాయి. వేడిని, చల్లదనాన్ని, నొప్పిని పట్టుకునే కొసలకు అటువంటి తొడుగేమీ ఉండదు. అవి చెట్టు వేరు కొసల్లా చీలిపోయి చర్మపు పైపొరల దాకా పాకిపోయిన ఉత్త కొసలు.

ఆ కొసల పొరలో కొన్ని ప్రోటీన్లు తలుపుల్లా అమరి ఉంటాయి. తలుపు తెరుచుకుంటే కాల్షియం, సోడియం అయాన్లు లోపలికి దూసుకువస్తాయి, అక్కడ పుట్టిన విద్యుత్ సంకేతం వెన్నుపాము వైపు పరుగు తీస్తుంది. వీటిలో మొదట దొరికిన వేడి తలుపు పేరు టీఆర్‌పీవీ1. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో డేవిడ్ జూలియస్ బృందం 1997లో దాన్ని పట్టుకున్న తీరు నాకు ఎంతో ఇష్టం. వారు వేడి కోసం కాదు, మిరపకాయ కారం కోసం వెతికారు. వెన్నెముక పక్కన ఉండే నాడీ కణాలలో పనిచేసే జన్యువులను గుంపులు గుంపులుగా విడదీసి, కారానికి మామూలుగా స్పందించని ఇతర కణాలలోకి ఎక్కించి, మిరపలోని క్యాప్సైసిన్ చుక్క తగలగానే ఏ కణం మెరుస్తుందో చూశారు. అలా వడపోస్తూ పోగా చివరికి ఒక్క జన్యువు మిగిలింది. దాని నుంచి తయారైన ప్రోటీను కారానికే కాక, సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి కూడా తెరుచుకుంటోందని ఆ తరువాత తేలింది. మనకు వేడి ‘చురుక్కుమనడం’ మొదలయ్యేది కూడా ఇంచుమించు అక్కడే.

చల్లదనానికి టీఆర్‌పీఎమ్8 అనే వేరే తలుపు ఉంది. పుదీనా జాతి మొక్కల మెంథాల్ తగిలినా, చర్మం 26 డిగ్రీల కన్నా చల్లబడినా అది తెరుచుకుంటుంది. 2002లో జూలియస్ బృందమూ, ఆర్డెమ్ పటాపూటియన్ బృందమూ ఎవరికి వారుగా దీన్ని కనుగొన్నారు. స్పర్శకు సంబంధించిన పీజో అనే ప్రోటీన్లను పటాపూటియన్ బృందమే 2010లో వెలికి తీసింది. వీరిద్దరికీ 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. మీ నాన్నగారి సంగతిలో గమనించవలసినది ఇదే: పీజో ఉన్న కొసలు వేరు, వేడి తలుపులున్న కొసలు వేరు. ఒక గుంపు దెబ్బతిన్నంత మాత్రాన రెండోది దెబ్బతినాలని లేదు.

తెల్లకోటు

నేను నరాల వైద్యంలో ఉన్నాను. టీచరు గారు తలుపుల దగ్గర ఆపిన చోటు నుంచి తీగల సంగతి చెబుతాను, ఎందుకంటే గోదారిగట్టు గారి రిపోర్టు చిక్కు తీగల్లోనే ఉంది.

స్పర్శను మోసే నాడీ తంతువులు లావుగా ఉంటాయి, వాటి చుట్టూ మైలిన్ అనే కొవ్వు తొడుగు దట్టంగా ఉంటుంది. సంకేతం వాటిలో సెకనుకు 35 నుంచి 75 మీటర్ల వేగంతో పోతుంది. నొప్పిని, ఉష్ణోగ్రతను మోసేవి రెండు రకాలు. ఏ-డెల్టా అనే సన్నని తంతువులకు పలుచని తొడుగు ఉంటుంది, వేగం 5 నుంచి 30 మీటర్లు. సీ తంతువులు అన్నిటికన్నా సన్ననివి, మైలిన్ తొడుగే లేనివి. వాటి వేగం సెకనుకు అర మీటరు నుంచి రెండు మీటర్లు, అంటే మనిషి నడక పాటిది.

ఈ తేడాను ప్రతివారూ ఎప్పుడో ఒకప్పుడు అనుభవించే ఉంటారు. చీకట్లో గడపకు కాలి చిటికెనవేలు కొట్టుకున్నప్పుడు మొదట సూదితో పొడిచినట్టు ఒక చురుకు వస్తుంది, ఆ తరువాత ఒక్క క్షణం ఏమీ ఉండదు, ‘ఇప్పుడు వస్తుంది’ అని మనకు తెలుస్తూనే ఉంటుంది, అంతలో సలుపుతో కూడిన మొద్దు నొప్పి కెరటంలా లేచి కాలంతా పాకుతుంది. మొదటిది ఏ-డెల్టా మోసుకొచ్చినది, రెండోది సీ తంతువులది. కాలి వేలి నుంచి వెన్నుపాముకు దారి మీటరు వరకు ఉంటుంది కాబట్టి రెండింటి మధ్య ఎడం స్పష్టంగా తెలుస్తుంది. అదే దెబ్బ ముక్కుకు తగిలితే దారి చాలా దగ్గర, అంత ఎడం దొరకదు.

కరెంటు పరీక్షలో నరాన్ని ఉద్దీపింపజేసి సంకేతం ఎంత వేగంగా చేరిందో కొలుస్తారు. ఆ యంత్రానికి అందేది లావు తంతువుల సంకేతమే. సన్న తంతువుల సంకేతం చాలా బలహీనమైనది, ఆలస్యంగా వచ్చేది, ఈ పరీక్షలో అది కనిపించదు. షుగరు వ్యాధిలో మాత్రం చాలామందికి మొదట దెబ్బతినేవి ఆ సన్నవే. అందువల్ల రిపోర్టు అబద్ధం చెప్పలేదు, దానిని అడగని ప్రశ్నకు అది జవాబు ఇవ్వలేదు. మీరు బొబ్బలనే నమ్మండి. అవసరమైతే చీలమండకు పైన 3 మిల్లీమీటర్ల చర్మపు ముక్క తీసి, పైపొరలో ఎన్ని నాడీ కొసలు మిగిలి ఉన్నాయో సూక్ష్మదర్శిని కింద లెక్కించే పరీక్ష ఉంది. అయితే చాలా సందర్భాలలో వేడి, చన్నీళ్ల గాజు గొట్టాలు, ఒక గుండుసూది చాలు.

పాదాలే ముందు ఎందుకంటే, పాదంలోని ఆ కొసకు ప్రాణం పోసే కణం పాదంలో ఉండదు. అది నడుము దగ్గర వెన్నెముక పక్కన, డార్సల్ రూట్ గాంగ్లియాన్ అనే చిన్న కణుపులో ఉంటుంది. కంటికి కనిపించని ఆ కణం మీటరు పొడవున్న తీగను పోషించాలి. పోషణ తగ్గితే కాలువ చివరి భూమి ఎండినట్టు ముందు ఎండేది చివరి కొసే.

మిరపతోట

నేను రైతును. ఖమ్మం జిల్లాలో తేజ రకం మిరప వేస్తాము. టీచరు గారు కారం, వేడి ఒకే తలుపు అన్నారు కాబట్టి అడుగుతున్నాను. కాయల తొడిమలు తీసే ఆడకూలీలు సాయంత్రానికి చేతులు మండుతున్నాయని ఏడ్చినంత పని చేస్తారు. సబ్బుతో ఎంత కడిగినా పోదు. వింత ఏమిటంటే, చేతులు చూస్తే కాలిన గుర్తు ఉండదు, ముట్టుకుంటే చల్లగానే ఉంటాయి, కాని రాత్రి స్నానానికి గోరువెచ్చని నీళ్లు పోసుకుంటే మరిగే నీళ్లు పోసినట్టు కేక పెడతారు. మా అమ్మ వాళ్లకు ముందు నూనె రాసుకోమని చెబుతుంది, దానితో కొంత నయంగా ఉంటుంది. చిలకలు మాత్రం అవే కాయలను కొరుక్కుని తింటాయి. ఇదంతా ఎందుకో చెప్పగలరా?

జీవశాస్త్రం_టీచరు

మిరపతోట గారూ, మీ అమ్మగారు చెప్పినది సరైన పద్ధతి. క్యాప్సైసిన్ నీటిలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. ముందు నూనెతో రుద్ది తుడిచి, ఆ తరువాత సబ్బుతో కడిగితే చాలావరకు వదులుతుంది. చేతి తొడుగులు ఇప్పించగలిగితే అన్నిటికన్నా మేలు.

గోరువెచ్చని నీళ్లు మండటానికి కారణం, క్యాప్సైసిన్ అంటుకున్న టీఆర్‌పీవీ1 తెరుచుకోవడానికి 43 డిగ్రీలు అక్కరలేకపోవడం. చర్మపు మామూలు వెచ్చదనమే దానికి చాలు. వాపు ఉన్న చోట కూడా ఇదే జరుగుతుంది: దెబ్బతిన్న కణాలు విడుదల చేసే ప్రోస్టాగ్లాండిన్లు, బ్రాడికైనిన్ వంటి రసాయనాలు ఆ తలుపు గడియను వదులు చేస్తాయి. ఎండకు కమిలిన వీపు మీద మామూలు వేణ్నీళ్లు పడితే మంట పుట్టేది అందుకే. ఆ కూలీల చేతుల్లో కాలినదేమీ లేదు, కాని నరం మోసుకెళ్లిన వార్త మాత్రం ‘కాలుతోంది’ అనే. మెదడుకు రెండింటినీ వేరు చేసే దారి లేదు. మన భాష ఈ సంగతిని ఎంత బాగా పట్టుకుందో చూడండి: పొయ్యిలోదీ మంటే, కారం తిన్న నోటిదీ మంటే.

చిలకలకు కూడా టీఆర్‌పీవీ1 ఉంది, వేడికి అది తెరుచుకుంటుంది కూడా. కాని దాని నిర్మాణంలోని చిన్న తేడా వల్ల క్యాప్సైసిన్ అక్కడ పట్టుకోలేదు. ఎలుక వంటి జంతువులు నమిలి గింజను నాశనం చేస్తాయి, పక్షులు గింజను చెడగొట్టకుండా దూరంగా విసర్జిస్తాయి. మొక్కకు ఎవరు తింటే లాభమో ఆలోచిస్తే ఈ ఏర్పాటు అర్థమవుతుంది.

ఒక్క చిన్న ముచ్చట చెప్పి ముగిస్తాను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం మన ఇళ్లలో ఇప్పటికీ ఉంది. నుదుటికి రాయగానే చల్లబడినట్టు అనిపించేది అందులోని మెంథాల్ వల్ల. చర్మం ఉష్ణోగ్రత పెద్దగా మారకపోయినా చల్లదనపు తలుపు తెరుచుకుంటుంది. కర్పూరం వేడి వైపు తలుపులను కదిలిస్తుంది.

మత్తు_డాక్టరు

తెల్లకోటు గారు చెప్పిన సన్న, లావు తంతువుల తేడాను నేను దాదాపు రోజూ ఆపరేషన్ గదిలో చూస్తాను. సిజేరియన్‌కు నడుములో మత్తు ఇచ్చాక చల్లదనం, సూదిపోటు ముందు పోతాయి, తాకిడి చివరికి గాని పోదు, కొందరికి పూర్తిగా పోదు కూడా. అందుకే మందు ఎంతవరకు ఎక్కిందో చూడటానికి స్పిరిట్ తడిపిన దూదినో, ఐసు ముక్కనో ఒంటి పక్కన కింది నుంచి పైకి జరుపుతూ ‘చల్లగా ఉందామ్మా’ అని అడుగుతాము. ఎక్కడ ఆమె ‘ఇప్పుడు చల్లగా ఉంది’ అంటుందో అక్కడి వరకు మందు పనిచేసినట్టు లెక్క. బిడ్డను తీసేటప్పుడు లోపల ఎవరో గుంజుతున్నట్టు తెలుస్తుంది కాని నొప్పి ఉండదని ముందే చెప్పి ఉంచుతాను, లేకపోతే మత్తు ఎక్కలేదని తల్లి భయపడుతుంది. గోదారిగట్టు గారి నాన్నగారి పాదం ఉన్న స్థితి ఒక రకంగా అదే. తేడా ఏమిటంటే, మా మందు కొన్ని గంటలకు దిగిపోతుంది.

సర్పిబాధితురాలు

ఈ చర్చ చదువుతూ ఉంటే ఒక మాట అనాలనిపించింది. కిందటి ఏడాది నాకు కుడి పక్కటెముకల మీద సర్పి లేచింది. పొక్కులు మూడు వారాల్లో మానాయి, మంట మాత్రం పదకొండు నెలలుగా మానలేదు. నూలు చీర కొంగు ఆనినా నిప్పు తాకినట్టు ఉంటుంది, ఫ్యాను గాలి పడనివ్వను. అక్కడే గిల్లి చూస్తే ఒక్కోచోట మొద్దుబారినట్టు కూడా ఉంటుంది. నొప్పి తెలియకపోవడం మీ నాన్నగారి కష్టం, తెలియవలసిన దానికన్నా ఎక్కువ తెలియడం నా కష్టం. ఇంత శాస్త్రం తెలిసినప్పుడు ఆ తలుపులన్నిటినీ మూసివేసే మందు ఎందుకు తయారు చేయరు?

తెల్లకోటు

అమ్మా, మీ బాధ ఊహ కాదు, దానికి నాడుల్లో స్పష్టమైన కారణం ఉంది. చిన్నప్పటి ఆటలమ్మ వైరస్ వెన్నెముక పక్కన ఆ కణుపులలోనే దాగి ఉండి, ఏళ్ల తరువాత లేచి ఆ కణాలనే గాయపరుస్తుంది. గాయపడిన కణాలు ఏ వేడీ తగలకుండానే సంకేతాలు పంపుతూ ఉంటాయి. ఆ వాన ఆగకుండా పడటం వల్ల వెన్నుపాములోని కణాలు క్రమంగా సున్నితమైపోయి, మామూలుగా తాకిడిని మాత్రమే మోసే లావు తంతువుల వార్తను కూడా నొప్పిగా చదవడం మొదలుపెడతాయి. కొంగు తగిలితే మండటం అదే. వెన్నుపాములో ఇటువంటి మార్పు వస్తుందని క్లిఫర్డ్ వుల్ఫ్ 1983లో చూపించారు. మొద్దుబారిన చోట కొసలు చచ్చిపోయాయి, మండే చోట మిగిలినవి గతి తప్పాయి. రెండూ ఒకే చర్మంలో పక్కపక్కనే ఉండవచ్చు.

ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఇదే వెన్నుపాము నొప్పిని తగ్గిస్తుంది కూడా. దెబ్బ తగిలిన చోట మనం చేత్తో రుద్దుకుంటాము కదా, ఆ లావు తంతువుల సంకేతం సన్న తంతువుల వార్తకు అడ్డుపడుతుందని రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ 1965లో ‘గేటు’ సిద్ధాంతంగా ప్రతిపాదించారు. వివరాలలో తరువాత మార్పులు వచ్చినా మూలమైన ఆలోచన నిలిచింది. మెదడు కాండం నుంచి కిందికి దిగే దారులు కూడా ఈ గేటును బిగించగలవు, వదులు చేయగలవు.

ఇక మీ ప్రశ్న. టీఆర్‌పీవీ1ను మూసే మందులు తయారయ్యాయి, మనుషులపై పరీక్షలూ జరిగాయి. రెండు చిక్కులు వచ్చాయి: కొందరికి ఒంటి వేడి జ్వరంలా పెరిగింది, మరికొందరు చేయి పెట్టిన నీళ్లు కాల్చేంత వేడిగా ఉన్నాయని గుర్తించలేకపోయారు. అంటే గోదారిగట్టు గారి నాన్నగారి పాదాన్నే మందుతో తయారు చేసినట్టు అయింది. తలుపును మూయడానికి బదులు విపరీతంగా తెరిచి అలసిపోయేలా చేసే దారి మాత్రం పనికివచ్చింది. గాఢమైన క్యాప్సైసిన్ పట్టీలు, పలుచని క్రీములు సర్పి తరువాతి నొప్పికి వాడుతున్నారు. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలిన్ వంటి మాత్రలు చాలామందికి కొంత ఉపశమనం ఇస్తాయి. పదకొండు నెలలు చాలా ఎక్కువ కాలం, దయచేసి వాయిదా వేయకుండా ఒక నరాల వైద్యుణ్ణి గాని, నొప్పి నివారణ వైద్యుణ్ణి గాని కలవండి.

నొప్పిని పూర్తిగా మూసేస్తే ఏమవుతుందో ప్రకృతే చూపించింది. ఉత్తర పాకిస్తాన్‌లోని కొన్ని కుటుంబాలలో ఎన్‌ఏవీ1.7 అనే సోడియం మార్గపు (నాడీ కణంలోకి సోడియం అయాన్లు వచ్చే తలుపు) జన్యువు పనిచేయని పిల్లలు ఉన్నారని 2006లో ప్రచురించారు. వారికి తాకిడి తెలుస్తుంది, వెచ్చన, చల్లన కూడా తెలుస్తాయి, నొప్పి ఒక్కటే తెలియదు. వారిలో ఒక అబ్బాయి నిప్పుల మీద నడిచి, చేతిలో కత్తి గుచ్చుకుని వీధిలో ప్రదర్శనలు ఇచ్చేవాడు. పద్నాలుగేళ్లు నిండకముందే ఇంటి కప్పు మీద నుంచి దూకి చనిపోయాడు. ఎన్‌ఏవీ1.7కు దగ్గరి బంధువైన ఎన్‌ఏవీ1.8 మార్గాన్ని మాత్రమే అడ్డుకునే సుజెట్రిజిన్ అనే మందుకు 2025 జనవరిలో అమెరికాలో అనుమతి వచ్చింది. అది ఆపరేషన్ల తరువాతి నొప్పి వంటి తాత్కాలిక నొప్పులకే, మీ వంటి దీర్ఘకాలపు నొప్పికి కాదు.

ఫిజియో_నిజామాబాద్

మా జిల్లాలోని డిచ్‌పల్లిలో వందేళ్ల కిందటే కుష్ఠు రోగుల ఆసుపత్రి వెలిసింది, అందువల్ల ఈ విషయం మా ప్రాంతపు పాతవారికి బాగా తెలుసు. కుష్ఠు సూక్ష్మజీవి నరాల తొడుగు కణాలలో చేరుతుంది, ఒంట్లో చల్లగా ఉండే భాగాలను ఎంచుకుంటుంది. పాలిపోయిన మచ్చలో చాలాసార్లు ముందుగా పోయేది వేడి, చల్లన తేడా. అందుకే ఒక గాజు గొట్టంలో వేడినీళ్లు, మరొకదానిలో చన్నీళ్లు పోసి మచ్చ మీద ఆనించి అడగడం పాతకాలం నుంచి ఉన్న పరీక్ష. 1946లో వెల్లూరుకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, రోగుల వేళ్లు ‘కుళ్లి రాలిపోవడం’ లేదని, నొప్పి తెలియక వేడి గిన్నెలు పట్టుకోవడం, గాయం మీదే పని చేస్తూ పోవడం వల్ల అరిగిపోతున్నాయని చూపించారు.

గోదారిగట్టు గారూ, మీ నాన్నగారు ఇకపై నీళ్ల వేడిని పాదంతో చూడకూడదు. మోచేతితో చూడాలి, ఇంకా మంచిది వేరొకరు చూడటం. మధ్యాహ్నపు సిమెంటు గచ్చు మీద, గుడి ఆవరణలో ఉత్త కాళ్లతో నడవకూడదు. రోజూ రాత్రి అరికాళ్లను, వేళ్ల సందులను కళ్లతో చూసుకోవాలి, వంగలేకపోతే నేల మీద అద్దం పెట్టుకోవాలి.

గోదారిగట్టు

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. నిన్న నరాల వైద్యుణ్ణి కలిశాము. ఆయన సన్నని నైలాన్ తీగతో అరికాలిని నొక్కి చూశారు, నాన్నగారు అన్నీ సరిగ్గా చెప్పారు. తరువాత శ్రుతిదండాన్ని (ట్యూనింగ్ ఫోర్క్) మోగించకుండా, దాని చల్లని ఇనుప పిడిని బొటనవేలికి ఆనించి ‘ఎలా ఉంది’ అని అడిగితే, ‘ఏదో ఆనింది’ అన్నారు, చల్లగా ఉందని మాత్రం అనలేదు. వైద్యుడు పిడిని కొంచెం కొంచెం పైకి జరుపుతూ పోయారు. చీలమండ దాటి జానెడు పైకి వెళ్లాక నాన్నగారు ఒక్కసారి కాలు కదిపి ‘అబ్బ, ఐసులా ఉంది’ అన్నారు. వైద్యుడు అక్కడ పెన్నుతో పిక్క చుట్టూ గీత గీశారు. రెండో కాలికి కూడా ఇంచుమించు అంతే ఎత్తులో గీత పడింది. ఆ రెండు గీతల కింద ఇన్నాళ్లూ ఏమి పోయిందో నాన్నగారికే తెలియదు. మేజోళ్లు వేసుకున్నట్టు ఉందని అమ్మ చాలాసేపు వాటి వైపే చూసింది.

ఒక ప్రశ్న మిగిలింది. ఆ కొసలు మళ్లీ మొలుస్తాయా?

తెల్లకోటు

తప్పకుండా మొలుస్తాయని మాట ఇవ్వలేను. చర్మపు పైపొరలోని సన్న కొసలకు తిరిగి పెరిగే గుణం ఉంది. షుగరు ఇంకా తొలి దశలో ఉన్నవారు ఆహారం, వ్యాయామం సరిచేసుకున్నాక తీసిన చర్మపు నమూనాలలో కొసలు కొంత పెరగడం చూశారు కూడా. ఏళ్లు గడిచిన కొద్దీ ఆ అవకాశం తగ్గుతుంది. బి12 విటమిను తగ్గిందేమో కూడా ఒకసారి చూపించండి, మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర ఏళ్ల తరబడి వాడేవారికి అది తగ్గవచ్చు. కొన్నాళ్లకు పాదాల్లో రాత్రిపూట మంట, చీమలు పాకినట్టు ఉండటం మొదలైతే దాచుకోకుండా చెప్పమనండి, దానికి మందులు ఉన్నాయి.

ఆ గీతలు చెరిగిపోకముందే చీలమండ ఎముక నుంచి ఎన్ని సెంటీమీటర్ల ఎత్తులో ఉన్నాయో టేపుతో కొలిచి రాసి పెట్టుకోండి. మూడు నెలల తరువాత అదే శ్రుతిదండంతో, పాదాలు మరీ చల్లబడి లేని వేళ మళ్లీ చూడాలి.